మంటల పక్కన నెమ్మది

హజీరాలో పూర్తి చీకటి పడదు. సూరత్‌కు పడమర, తాపీ నది సముద్రంలో కలిసే చోట, ఫ్యాక్టరీ గొట్టాల కొసన వెలిగే మంట రాత్రంతా ఆకాశాన్ని ఎర్రగా ఉంచుతుంది. బొంబాయి తీరానికి దూరంగా సముద్రగర్భంలో తీసిన గ్యాస్ గట్టెక్కేది ఇక్కడే. దాని వెంట ఎరువులు, ఉక్కు, పెట్రోకెమికల్స్ వచ్చాయి. వాటి వెంట వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు వచ్చారు. ఒడిశా, బీహార్ వాళ్లతో పాటు మన కోస్తా జిల్లాల వాళ్లూ ఉన్నారు.

తెనాలి పక్క పల్లె నుంచి వచ్చిన ఓ వెల్డర్ గదిలో ఆదివారం సాయంత్రం ఏడెనిమిది మంది చేరతారు. చెప్పులు బయట, చాప లోపల. పాస్టరు లేడు, మైకు లేదు. అట్ట ఊడిన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం ఒకటుంది. పురుషోత్తమ చౌదరి (1803-1890) పాటలున్న పేజీలు బాగా నలిగిపోయాయి. పక్క గదుల్లో నైట్ షిఫ్టు వాళ్లు పడుకుని ఉంటారు కనుక గొంతు తగ్గించి పాడతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం గుజరాత్‌లో క్రైస్తవులు సుమారు అర శాతం. మతమార్పిడులపై 2003లో చట్టం చేసి, 2021లో దాన్ని మరింత బిగించిన రాష్ట్రమిది. గొంతు తగ్గించడానికి నిద్రపోయేవాళ్లే కారణమా అంటే ఆయన నవ్వి ఊరుకుంటాడు.

ఆయన పుట్టు క్రైస్తవుడే. చిన్నప్పటి నుంచీ ప్రార్థన అంటే అడగడమే. పరీక్ష పాసవ్వాలి, చెల్లి పెళ్లి కావాలి, గేట్‌పాస్ రావాలి. ఓ షట్‌డౌన్ పని మధ్యలో తల్లి పోయిందని ఫోనొచ్చింది. ఆ రాత్రే నవజీవన్ ఎక్కాడు. ఒక రాత్రి, ఒక పగలు ప్రయాణం. ఊరు చేరేసరికి భూస్థాపన అయిపోయింది. సమాధి మీద మట్టి ఇంకా తడిగానే ఉంది. తిరిగొచ్చాక కాంట్రాక్టరు రెండు నెలల జీతం ఆపేశాడు. ఆ కోపం బీహార్ నుంచి వచ్చిన హెల్పర్ మీద చూపించాడు. అందరి ముందూ అతని తల్లిని తిట్టాడు. తన తల్లిని పోగొట్టుకున్న పది రోజులకే.

ఆ తర్వాత కొన్ని నెలలు ప్రార్థన లేదు. నిద్రా లేదు. "దేవుడు లేడనుకుంటే సుఖంగా ఉండేది. ఉన్నాడు, వినడం లేదు అనిపించేది" అంటాడు.

మళ్లీ మోకరించేలా చేసింది ఏ అద్భుతమూ కాదు. ఓ ఆదివారం తమ్ముడి వరసైన కుర్రాడు ఫిలిప్పీయులకు పౌలు రాసిన పత్రిక చదివాడు. పౌలు చెరసాలలో ఉండి రాసిన ఆ చిన్న ఉత్తరంలో సంతోషం అనే మాట పదేపదే వస్తుంది. బుద్ధికి అందని సమాధానం గురించి చెప్పే మాట కూడా అందులోదే. క్రైస్తవుల ఇళ్లలో క్యాలెండర్ల మీద తరచూ కనిపిస్తుంది. ఆయన చెవిన పడింది మాత్రం అది కాదు. దానికి కొన్ని వాక్యాల ముందు యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలు రాజీపడాలని పౌలు బతిమాలుకుంటాడు. ముందు రాజీ, తర్వాత సంతోషం, ఆపైన ప్రార్థన, చివరికి నెమ్మది. క్యాలెండర్ వేసేవాళ్లు మొదటి మెట్టు వదిలేశారన్న మాట.

మర్నాడు ఉదయం టూల్‌బాక్స్ టాక్ అయ్యాక ఆయన ఆ హెల్పర్ దగ్గరికెళ్లి వచ్చీరాని హిందీలో క్షమాపణ అడిగాడు. తిట్టింది అందరి ముందు కనుక అడగడమూ అందరి ముందే. ఆ రాత్రి దేవుణ్ని ఏమీ అడగలేదు. ఊరికే కూర్చున్నాడు. "ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో అమ్మ మీద దిగులుంది గానీ కోపం లేదు." తాను సంతోషం అనేది దీన్నేనంటాడు. టీవీలో స్వస్థతలు, వీసాలు, సొంతిళ్లు వాగ్దానం చేసే ప్రసంగాలకు అలవాటుపడ్డ చెవికి ఇది చాలా తక్కువగా వినిపించవచ్చు.

ఈ తీరానికి ఇలాంటి లెక్క కొత్తేమీ కాదు. హజీరాకు దగ్గర్లోని సువాలి ఒకప్పుడు ఇంగ్లిష్ ఓడలు లంగరేసిన రేవు. 1616లో అక్కడ దిగిన ఎడ్వర్డ్ టెర్రీ మొగలు దర్బారులో రాయబారిగా ఉన్న థామస్ రో దగ్గర మతగురువుగా పనిచేశాడు. 1655లో అచ్చయిన తన పుస్తకంలో ఓ చేదు నిజం దాచలేదు. తాగి జనాన్ని కొట్టే తన దేశస్థులను చూసి ఇక్కడివాళ్లు క్రైస్తవాన్ని దయ్యాల మతమనేవారని రాశాడు. నమాజు వేళ తప్పని ముస్లింల భక్తి ముందు తమవాళ్లు సిగ్గుపడాలనీ అన్నాడు. విశ్వాసాన్ని రేవులో ప్రవర్తనతో తూచారు. ఇప్పుడు తూచేది వర్క్‌సైట్‌లో.

ప్రార్థన పేదవాడి నోరు నొక్కే మత్తుమందు అనేవాళ్లకు ఈ వెల్డర్ పూర్తిగా చిక్కడు. జీతం బాకీ గురించి లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టాడు. మనసు కుదుటపడ్డాకే చేయి వణక్కుండా సంతకం పెట్టగలిగానంటాడు. "డబ్బు వదులుకోమని దేవుడు చెప్పలేదు. పగ వదులుకోమన్నాడు." ఆ రెంటినీ విడదీయడం ఎంత కష్టమో, ఆఫీసు మెట్లెక్కిన ప్రతిసారీ తెలుస్తుందట.

డబ్బు ఇంకా రాలేదు. ఆదివారం కూడికకు ఆ హెల్పర్ అప్పుడప్పుడు వస్తాడు. అతను క్రైస్తవుడు కాలేదు, ఎవరూ అవమనలేదు కూడా. తెలుగు పాట అర్థం కాకపోయినా గుమ్మం దగ్గర కూర్చుని, అయిపోయాక అందరికీ చాయ్ తెచ్చేది అతనే.