పెట్టె మీద పేరు

ఏప్రిల్ 9, 2023, ఆదివారం

ఈ ఏడు మామిడి కాపు పలచన. పూత చూసి మురిసినంతసేపు పట్టలేదు, తామర పురుగు పని పట్టింది. తోటలో నిలబడి కొమ్మకొమ్మకీ తలెత్తి చూస్తూ డబ్బు లెక్క కడుతున్నాననుకున్నాను. నిజానికి నోట్లో గొణుక్కుంటున్నది మనుషుల పేర్లు. ఈసారి ఎవరికి పళ్ల పెట్టె పంపాలి, ఎవరిని తప్పించవచ్చు అని. ఇంటికొచ్చి బీరువాలో పోయినేటి జాబితా తీశాను. పదిహేడు పేర్లు. పైన బ్యాంకు మేనేజరు, కింద మా చెల్లెలు. ఈ వరస నేనే రాశాను, నా దస్తూరీయే.

ఏప్రిల్ 23, ఆదివారం

తోతాపురిని మా వైపు కలెక్టరు కాయ అంటారు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరి కథ వారిది. తమాషా ఏమిటంటే ఇంత హోదా ఉన్న కాయని ఎవరూ ఎవరికీ కానుకగా పంపరు. టన్నుల లెక్కన లారీకెక్కి గుజ్జు ఫ్యాక్టరీకి పోతుంది. లేకపోతే బడి ముందు బండి మీద ఉప్పూకారం పూయించుకుంటుంది. పేరులోనే ‘చిన్న’ పెట్టుకున్న రసం మాత్రం వరిగడ్డి పరుపు మీద మగ్గి, అట్టపెట్టెలో సర్దుకుని, కార్లలో హైదరాబాదు వెళుతుంది. నిజం కలెక్టరు గారింటికి ఎవరైనా కలెక్టరు కాయలు పట్టుకెళతారా? చిన్నరసాలే పట్టుకెళతారు.

మే 3, బుధవారం

రాత్రి మళ్లీ వాన, గాలి. రాలినవాటిలో పెద్దరసమేది, చిన్నరసమేది అని అడిగినవాడు లేడు. అన్నీ ఒకే గుట్ట, ఒకే ధర.

మే 7, ఆదివారం

బంధువుల ఇంటి శుభలేఖ వచ్చింది. ‘నూజివీడు, కృష్ణా జిల్లా’ అని అచ్చేశారు. పోయినేడు ఏప్రిల్ 4 నుంచి మనం ఏలూరు జిల్లా కదరా అంటే, ‘శుభలేఖ మీద కృష్ణా అంటేనే నిండుగా ఉంటుంది బాబాయ్’ అన్నాడు పెళ్లికొడుకు అన్న. నేను మాత్రం తక్కువ తిన్నానా? మొన్న ఓ ఫారం నింపుతూ ముందు కృష్ణా అని రాసి, కొట్టేసి, ఏలూరు అని దిద్దాను.

మా ఊళ్లో పాత పేర్లు అంత తొందరగా ఊడవు. జమీందారీల రద్దు చట్టం 1948లోనే వచ్చింది. మా జమీందారు కుటుంబంలోని మేకా రంగయ్య అప్పారావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా చేశారు. అయినా మా నాన్న తరం వాళ్లు అరుగు మీద కూర్చుని చెప్పుకునేటప్పుడు ముందు రాజాగారు, ఆ తర్వాతే, గుర్తొస్తే, వైస్ చాన్సలర్ గారు.

మే 21, ఆదివారం

మా అల్లుడి ఆఫీసు స్నేహితులు నలుగురు హైదరాబాదు నుంచి వచ్చారు. మా ఆవిడ ముందు బంగినపల్లి తరిగి పళ్లేల్లో పెట్టింది. ఫోర్కులతో పొందిగ్గా తిన్నారు, మాటలు కూడా అంత పొందిగ్గానే సాగాయి. జీతాలు, ఫ్లాట్లు, ఎవరు ఎవరికి పైన. తర్వాత రసాలు తెచ్చింది. రసాన్ని కోస్తే పాపం. అరచేతుల మధ్య మెత్తగా పిసికి, ముచ్చిక దగ్గర కొరికి, మొదటి సొన చుక్క పిండి పారేసి జుర్రుకోవాలి. ఒకాయన చెంచా అడిగాడు. అందరిలోకీ పెద్ద ఉద్యోగం ఆయనదేనట. మా ఆవిడ నవ్వి ఊరుకుంది. రెండో పండుకి వాచీ విప్పి అరుగు మీద పెట్టాడు. నాలుగో పండుకి చొక్కా విప్పి బనీనుతోనే కూర్చుని, టెంక చీకుతూ, వాళ్ల నాన్న గేదెలు కాసిన సంగతి చెప్పాడు. అల్లుడికి కూడా ఆ ముక్క కొత్తట.

మే 28, ఆదివారం

ఇది రాయాలా వద్దా అని రెండుసార్లు కలం మూశాను.

మా షెడ్డులో కాయ ఏరేది ఓ పెద్దావిడ. ఇరవై ఏళ్లుగా వస్తోంది. కాయని చేతిలో ఒక్క తిప్పు తిప్పి మొదటి రకం, రెండో రకం, గుజ్జుకి అని మూడు గుట్టలేస్తుంది. ఆవిడ తప్పు పట్టిన కాయని వ్యాపారి కూడా మారు మాట్లాడకుండా పక్కన పెడతాడు. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. నేను ‘నువ్వు’ అంటాను. ఆవిడ నన్ను ‘మీరు’ అంటుంది. ఇందులో వింత ఉందని నాకెప్పుడూ తోచలేదు.

ఇవాళ మధ్యాహ్నం వాళ్ల మనవరాలు అన్నం క్యారియర్ తెచ్చింది. ట్రిపుల్ ఐటీలో చదువుతోందట. 2008లో మా ఊరికి అది వచ్చిన దగ్గర్నుంచి పదో తరగతి మార్కులతో పల్లెటూరి పిల్లలు ఆరేళ్ల చదువుకి అక్కడ చేరుతున్నారు. బస్సులో పక్కన కూర్చున్న తల్లి రెండు నిమిషాల్లో ఆ మాట తెచ్చి తీరుతుంది. వినడానికి బాగుంటుంది కూడా.

ఆ పిల్లతో నేనన్నాను: “మీరు ఏ బ్రాంచి అమ్మా?”

పెద్దావిడ కాయ తిప్పడం ఆపి నవ్వింది. “దానికి మీరేంటండీ, చంటిపిల్ల.”

నేనూ నవ్వాను. ఆ వెంటనే అలవాటుగా, “నువ్వు అన్నం తిను, మిగతావి తర్వాత చూడొచ్చు” అన్నాను ఆవిడతో. మాట బయటికొచ్చాక విన్నాను. పిల్ల కూడా విన్నట్టుంది, తల దించుకుని క్యారియర్ విప్పుతోంది.

జూన్ 10, శనివారం

మృగశిర వచ్చేసింది, రసాలు ఆఖరు. పెట్టెలు పంపడం అయిపోయింది. బ్యాంకు మేనేజరు గారికి ఏప్రిల్లోనే బదిలీ అయిందట. పెట్టె మీద పేరు కొట్టేసి కొత్తాయన పేరు రాశాను. నాకు సిగ్గు వేయలేదు, అదీ రాసుకోవాలి. చెల్లెలికి ఎప్పటిలాగే రెండో రకం గోనెసంచిలో. ‘అన్నయ్యా, మచ్చలున్నా తియ్యగానే ఉన్నాయిలే’ అని ఫోను చేసింది. ఆ ‘లే’ నాకు తగిలింది.

ఒక పెట్టె అదనంగా సర్దాను. ఇన్నేళ్లూ పెద్దావిడ రాలినవే కొంగులో కట్టుకుపోయేది. పెట్టె మీద రాద్దామని కలం తీస్తే ఇంటిపేరు తెలియలేదు. మా ఆవిడని అడిగితే ఆవిడకీ తెలియదు. చివరికి మనవరాలినే అడిగి రాశాను.

ఆవిడ పెట్టె తీసుకుని, మూత విప్పి, పైవరస కాయలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. నాలుగు తీసి నా చేతిలో పెట్టింది.

“ఇవి రెండో రకం కలిశాయండీ, సర్దింది ఎవరు?”