ఈ శనివారం ఇంట్లో చూడండి

ఈ శనివారం ఇంట్లో ఏం చూద్దామంటే మేమైతే ‘సినిమా బండి’ అంటాం. 2021 మేలో నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. పల్లెలో ఆటో నడిపే వీరబాబుకి, ఎవరో బండిలో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. పెళ్లిళ్లకి ఫోటోలు తీసే స్నేహితుణ్ణి పట్టుకుని సినిమాకి దిగుతాడు. నడుమ కాస్త సాగుతుంది, ఓర్చుకోండి.

మమ్మల్ని పట్టేసింది ఆ మాట. కోలారు పక్క మనం ఇండ్లలో మాట్లాడే సరిహద్దు తెలుగే! హైదరాబాద్‌లో ఒక పెళ్లిలో మేం నోరు తెరిస్తే ‘మీరు కన్నడమోళ్లా?’ అని నవ్వినారు. అప్పట్నుంచి ఆ చుట్టాల దగ్గర మాది ఇంగ్లీషే.

సినిమా సగంలో అవ్వ అడిగింది, ‘వీళ్లు మనోళ్లేనా?’ అని. మా పాప లేచి కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు ఆపేసింది.