మంచు మీద నాన్న

మా నాన్న మంచు చూడలేదు. డిసెంబరు వస్తే లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకుంటుందని పేపర్లో చదివించుకునేవాడు తప్ప, అక్కడికి వెళ్లిందే లేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కళాసీకి ఆ రోజుల్లో తీరికెక్కడిది? కొత్త బెల్లం వచ్చేదీ అప్పుడే కదా.

అలాంటి నాన్న 2010 చివర్లో విశాఖపట్నంలో ఓ మంచుకొండ మీంచి కిందికి జారాడు. అదీ పక్షవాతం వచ్చిన నాలుగు నెలలకి.

ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. చెయ్యి కాస్త తొందరగానే దారికొచ్చింది కానీ, కాలు మాత్రం మొండికేసింది. నిజానికి మొండికేసింది కాలు కాదు, నాన్నే. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ‘తాతగారూ, ఒకసారి కుడి కాలి మీద బరువు వెయ్యండి, ఒకసారి ఎడమ కాలి మీద’ అని ఎంత ఓపిగ్గా చెప్పినా కుడి కాలు వదిలేవాడు కాదు. ‘ఆ కాలు నాది కాదురా. దాన్ని నమ్మి ఎలా నిలబడను?’ అనేవాడు.

ఓరోజు నాకు ఒళ్లు మండిపోయింది. ‘నలభై ఏళ్లు ఊళ్లో బెల్లం దిమ్మలన్నీ మోశావు, నీ ఒళ్లు నువ్వు మోసుకోలేవా?’ అనేశాను. పక్కనే మా అబ్బాయి ఉన్నాడు. నాన్న ఏమీ అనలేదు. రెండు రోజులపాటు నాతో మాట్లాడనూ లేదు.

ఆ వారమే విశాఖ వెళ్లాం. ఆస్పత్రి పని అయ్యాక మావాడు ఓ మాల్‌లోని వీడియో గేమ్స్ హాలుకి లాక్కెళ్లాడు. కార్లూ తుపాకుల ఆటల మధ్య ఓ మూల స్కీయింగ్ యంత్రం. కాళ్ల కింద రెండు పలకలు, చేతులతో పట్టుకోవడానికి కడ్డీలు, ఎదురుగా పెద్ద తెర. పలకల్ని అటూ ఇటూ ఊపుతుంటే తెర మీద మనిషి మంచులో మలుపులు తిరుగుతాడు. ఇలాంటి ఆటల్లో పేరున్న ‘ఆల్పైన్ రేసర్’ని జపాన్‌కి చెందిన నామ్‌కో కంపెనీ 1995 ప్రాంతంలో తెచ్చిందనీ, ఆ వెంటనే సెగా కూడా ‘స్కీ సూపర్ జి’ తెచ్చిందనీ తర్వాత తెలుసుకున్నాను. మంచు ముఖం చూడని ఊళ్లకి ఇవి ఎన్ని సముద్రాలు దాటి వచ్చాయో!

మావాడు నడుం తెగ తిప్పుతున్నాడు, ప్రతి మలుపులోనూ గోడకి గుద్దుకుంటున్నాడు. కుర్చీలోంచి నాన్న చూస్తూ చూస్తూ ఉండబట్టలేక, ‘ఒరే, ఒళ్లు తిప్పకు. బరువు కాలి మీదకి ఒగ్గు!’ అన్నాడు.

‘అయితే నువ్వు చూపించు తాతయ్యా.’

నేను వద్దనేలోపే లేచాడు. హాలు కుర్రాడు కంగారుగా వచ్చి ఓ పక్క, నేను ఓ పక్క నిలబడ్డాం. నాన్న కడ్డీలు పట్టుకుని పలకలెక్కాడు. ఈ కాలు, ఆ కాలు. మళ్లీ ఈ కాలు. దిమ్మ భుజాన వేసుకుని మార్కెట్లో నడిచేటప్పుడు అలాగే ఊగేవాడు. చెట్లకీ గోడలకీ అన్నింటికీ గుద్దుకున్నాడు, కొండ దిగకుండానే టైమైపోయింది. చెమటలు కక్కుతూ ‘అప్పుడే అయిపోయిందేట్రా? ఇంకో టికెట్ తే’ అన్నాడు. ఎడమ కాలి మీద బరువు వేసినట్టు ఆయనకి తెలుసో తెలీదో, నేను అడగలేదు.

ఆటతోనే నయమైందని చెప్పను. ఆ అమ్మాయి మొదట్నుంచీ చేయమన్న కసరత్తే అది. కాకపోతే ఆ రోజునుంచి ఇంట్లో కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టాడు. వెనకనుంచి మావాడు ‘తాతయ్యా, మలుపు! ఎడమకి!’ అని అరిచేవాడు. ఇల్లంతా గోల. అమ్మ విసుక్కునేది కానీ ఆపమనేది కాదు.

2011లో కొత్త అమావాస్యకి నూకాలమ్మ గుడిదాకా కర్ర పట్టుకుని నడిచాడు. తర్వాత డాక్టరుకి చూపించడానికి విశాఖ వెళ్లినప్పుడు, చెప్పకుండానే ఆటో మాల్ దగ్గర ఆపించాడు. ‘ఈసారి నువ్వెక్కు’ అన్నాడు నాతో.

ఎక్కాను. రెండో మలుపులోనే కాలు పలక మీంచి జారి, కడ్డీకి వేలాడాను. మావాడు పడీపడీ నవ్వుతున్నాడు. నాన్న కర్ర ఆన్చుకుని దగ్గరికొచ్చి, నెమ్మదిగా అడిగాడు.

‘ఏట్రా, నీ ఒళ్లు నువ్వు మోసుకోలేవా?’