అమ్మీ రాయని చింతపండు

మా ఆపా పెళ్లయి ససురాల్‌కి వెళ్లేటప్పుడు అమ్మీ ఒక నోట్‌బుక్ ఇచ్చింది. అందులో దాల్చా కూడా ఉంది. పప్పు ఇంత, గోష్ ఇంత, సొరకాయ ఇంత. చింతపండు మాత్రం లేదు. మా ఇంట్లో పొయ్యి పక్కన గిన్నెలో అది ఎప్పుడూ నానుతూనే ఉండేది కదా, రాయాలన్న ఖయాలే అమ్మీకి రాలేదు. ఆపా నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు వండింది. "మీ అమ్మీ ఏం నేర్పి పంపింది?" అన్న మాట పడింది. చాలా రోజులు మేమంతా, అమ్మీతో సహా, ఆపా చేతిదే తప్పనుకున్నాం.

ఈ కిస్సా నాకు పోయిన రంజాన్‌లో గుర్తొచ్చింది.

నువ్వేం పని చేస్తావు బేటా అని ఖాలాలు అడిగితే "కంప్యూటర్" అని ఊరుకుంటాను. అసలు పని చిన్న చిన్న డబ్బాల్లో పట్టేంత లినక్స్ తయారుచేయడం. దానికి యోక్టో అనే ప్రాజెక్టు ఉంది, 2010లో మొదలైంది. అందులో వంటమేస్త్రీ బిట్‌బేక్. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో ఫైలు రాసిస్తాం. దాని పేరే రెసిపీ, ఇది నేను పెట్టిన పేరు కాదు. రెసిపీలో రెండు జాబితాలుంటాయి. డిపెండ్స్ అంటే వండడానికి కావలసినవి. ఆర్‌డిపెండ్స్ అంటే దస్తర్‌ఖాన్ మీద, తినేటప్పుడు ఉండాల్సినవి.

మొదటి దాంట్లో ఇప్పుడు మోసం తక్కువ. ఒకప్పుడు రెసిపీలన్నిటికీ వంటసామాన్ల గది ఒకటే. పక్క రెసిపీ తెచ్చుకున్న లైబ్రరీని మనం చెప్పకుండానే వాడేసుకోవచ్చు. అది ముందు వండితే మన వంట అయ్యేది, వెనక వండితే ఆగిపోయేది. 2017లో వచ్చిన 2.3 వెర్షన్ నుంచి ఎవరి గది వాళ్లది. రాయనిది దొరకదు, బిల్డ్ అక్కడే పడిపోతుంది.

రెండో దాంట్లోనే చిక్కు. సీ ప్రోగ్రామ్ ఏ షేర్డ్ లైబ్రరీకి లింకయిందో బిట్‌బేక్ తనే చూసి జాబితాలో వేసుకుంటుంది. మనం రాసిన పైథాన్ స్క్రిప్టు లోపల ఏం ఇంపోర్ట్ చేసుకుంటుందో దానికి తెలియదు. పైగా యోక్టోలో పైథాన్ ఒక్క ముద్దగా రాదు, ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఏ ముక్క కావాలో మనమే రాయాలి.

మా డబ్బా గుంటూరు వైపు మిర్చి బస్తాలు పెట్టే కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత నమోదు చేస్తుంది. నెట్ ఉంటే సర్వర్‌కి పంపుతుంది, పోతే ఎస్‌క్యూలైట్‌లో దాచుకుంటుంది. ఆ స్క్రిప్టు నాది, రెసిపీ నాది. రెండేళ్లు ఏ షికాయత్ లేదు.

కొత్తగా చేరిన కుర్రాడికి ఇమేజ్ సైజు తగ్గించమని పనిచ్చాం. డీబగ్గింగ్ కోసం ఎప్పుడో పెట్టిన ప్యాకేజీ గ్రూపుని తీసేశాడు. టెస్టులన్నీ పాసయ్యాయి. వారం తర్వాత ఒక చోట రాత్రంతా నెట్ పోయింది. ఆ రాత్రి లెక్క ఒక్కటీ లేదు. మర్నాడు ఎనిమిది మంది ముందు నేనే అన్నాను: "రెండేళ్లు నడిచింది. ఇతను ఏదో పీకేశాడు." ఆ కుర్రాడు తల దించుకున్నాడు. నేను రోజాలో ఉన్నాను.

తరావీహ్ అయ్యాక లాప్‌టాప్ తెరిచాను. బిల్డ్‌హిస్టరీ పాత ఇమేజ్‌కీ కొత్త ఇమేజ్‌కీ తేడా చూపించింది. పోయిన ప్యాకేజీల్లో పైథాన్3-ఎస్‌క్యూలైట్3 ఉంది. ఆ డీబగ్గింగ్ గ్రూపు పైథాన్ మాడ్యూళ్లన్నిటినీ వెంట తెచ్చేది. నా స్క్రిప్టు రెండేళ్లూ ఆ నీడలో బతికింది. నా రెసిపీలో ఆర్‌డిపెండ్స్‌లో ఒక్క పైథాన్3-కోర్ తప్ప ఏమీ లేదు. ఇంపోర్ట్ వాక్యం కూడా నెట్ పోయినప్పుడు మాత్రమే నడిచే ఫంక్షన్ లోపల ఉంది. ఆఫీసులో నెట్ పోదు, కాబట్టి టెస్టు పట్టుకోలేదు. ఆ టెస్టులూ నేను రాసినవే, ఇంకేం చెప్పను.

దిద్దడానికి ఒక్క లైను, రెండు నిమిషాలు. సెహరీ దాకా నిద్ర పట్టనిది మాత్రం దానికి కాదు. నమాజ్‌లో లోపాలకి అల్లాహ్‌ని మాఫీ అడుక్కుంటాం. ఇది హుఖూఖుల్ ఇబాద్, ఆ మనిషే మాఫ్ చేయాలి. చాటుగా చెప్పేస్తే సరిపోతుందేమో అని నఫ్స్ ఎంత నచ్చజెప్పిందో! ఇల్జామ్ వేసింది ఎనిమిది మంది ముందు కదా.

మర్నాడు అదే గదిలో, అదే ఎనిమిది మంది ముందు, నా రెసిపీని తెర మీద పెట్టి చూపించాను. తప్పు ఇతనిది కాదు, నాది అన్నాను. అతను "పర్లేదన్నా" అన్నాడు గానీ, పర్లేదు అన్నట్టు లేదు మొహం. ఇంకో వారం నాతో సరిగా మాట్లాడలేదు. ఈద్ తర్వాత షీర్‌ఖుర్మా డబ్బా తీసుకెళ్తే, తింటూ, "అన్నా, మిగతా మీ రెసిపీలు కూడా చూడనా?" అన్నాడు. చూశాడు. ఇంకో మూడు దొరికాయి.

ఆపాకి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు నవ్వింది. ఆ నోట్‌బుక్ ఇంకా తన దగ్గరే ఉందట. దాల్చా పేజీలో చింతపండు అని తనే పెన్సిల్‌తో రాసుకుందట. "అమ్మీకి ఇప్పటిదాకా చూపించలేదు రా," అంది.