ఒక్క స్వరం వింటే చాలు

పాత రాక్, బ్లూస్ గిటార్ అంటే చెవి కోసుకునేవాళ్లు ఇద్దరు ఒకచోట చేరితే ఏం జరుగుతుందో మీరెప్పుడైనా చూశారా? కాఫీ చల్లారిపోతుంది. ఒకరి చేతిలోని ఫోన్ ఇంకొకరు లాక్కుంటారు. "ఆగు ఆగు, వస్తోంది... ఇదిగో, ఇక్కడ!" అని ఒకరు చెయ్యెత్తుతారు. రెండోవాళ్లు కళ్లు మూసుకుని తల ఊపుతారు. ఆ "ఇక్కడ" అన్నది మహా అయితే రెండు సెకన్లు. దానికోసం ఎనిమిది నిమిషాల పాటంతా వినిపిస్తారు. వినేవాళ్లు విసుక్కోరు సరికదా, మళ్లీ పెట్టమంటారు.

మా స్నేహితుల్లో ఒక ఆట ఉంది. పాట పేరు గానీ, వాయించినవాళ్ల పేరు గానీ చెప్పకుండా మధ్యలోంచి ఒక ముక్క వినిపిస్తారు. ఎవరి చెయ్యో పోల్చుకోవాలి. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్లకు ఇది గారడీలా ఉంటుంది. అవే ఆరు తీగలు, అవే పన్నెండు స్వరస్థానాలు, చాలాసార్లు అదే పన్నెండు బార్ల చట్రం. అయినా బీబీ కింగ్ ఒక్క స్వరం మీటగానే తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుంది? ఈ పూట ఆ కబురే చెప్పుకుందాం.

బీబీ కింగ్‌తోనే మొదలుపెడదాం. 1925లో మిసిసిపీలో, పత్తి చేల మధ్య పుట్టాడు. ఆయన బంధువు బుక్కా వైట్ స్లైడ్ వాయించడంలో దిట్ట. వేలికి తొడుక్కున్న గొట్టాన్ని తీగల మీద జారుస్తుంటే గిటార్ మనిషిలా ఏడ్చేది. ఆ ఏడుపు కావాలని కుర్రాడు తపించాడు. స్లైడ్ మాత్రం ఎంత ప్రయత్నించినా పట్టుబడలేదు. చివరికి వేలితో తీగను నొక్కిపట్టి, చేతినే ఊపి ఆ కంపనం పుట్టించడం నేర్చుకున్నాడు. ఆయన వీడియో ఏదైనా దొరికితే ఈసారి మొహం వదిలేసి ఎడమచెయ్యి చూడండి. బొటనవేలు గిటార్ మెడను వదిలేస్తుంది. ఒక్క చూపుడువేలు తీగ మీద నిలబడుతుంది. మిగతా వేళ్లు విసనకర్రలా విచ్చుకుని రెపరెపలాడతాయి. తనకు రాని విద్యను ఇంకో దారిన సాధించబోతే, ప్రపంచమంతా పోల్చుకునే సంతకం పుట్టిందన్నమాట.

ఇంకొకటి గమనించండి. ఆయన పాడుతున్నప్పుడు వాయించడు. నోరు ఒక చరణం పాడి ఆగుతుంది, అప్పుడు గిటార్ అందుకుంటుంది. గిటార్ పేరు లూసిల్ అని మీరు వినే ఉంటారు. 1949లో ఆర్కన్సాలోని ట్విస్ట్ అనే ఊళ్లో డాన్స్ హాలులో వాయిస్తుంటే ఇద్దరు మగవాళ్లు కొట్టుకున్నారు. చలికాచుకోవడానికి కిరోసిన్ పోసి వెలిగించిన డబ్బా దొర్లిపోయి హాలు అంటుకుంది. బయటపడ్డాక గిటార్ లోపలే ఉండిపోయిందని గుర్తొచ్చి బీబీ మళ్లీ మంటల్లోకి పరిగెత్తాడు. ఆ గొడవ లూసిల్ అనే అమ్మాయి గురించని తెలిశాక, ఇంకెప్పుడూ అలాంటి పిచ్చిపని చెయ్యకూడదని తనకు తాను గుర్తుచేసుకోవడానికి గిటార్‌కు ఆ పేరు పెట్టుకున్నాడు. ఆ తర్వాత చేతికొచ్చిన ప్రతి గిటారూ లూసిలే.

ఆయన్ని ఎక్కడ వినాలి అని అడిగితే నా జవాబు ఎప్పుడూ ఒకటే: లైవ్ ఎట్ ద రీగల్. 1964 నవంబర్ 21న షికాగోలోని రీగల్ థియేటర్లో రికార్డు చేశారు. అందులో గిటార్‌తో సమానంగా జనాన్నీ వినాలి. ఆయన ఒక మాటను కాస్త సాగదీస్తాడు, హాలు కేక పెడుతుంది. ఒక్క స్వరాన్ని వంచి వదిలేస్తాడు, ఇంకో కేక. ఎక్కడ ఆపితే జనం ఊపిరి బిగబడతారో ఆయనకు తెలుసు, ఎక్కడ కేక వెయ్యాలో వాళ్లకు తెలుసు. స్టూడియోలో తీరిగ్గా చేసిన రికార్డులు ఎన్ని విన్నా ఈ ఇచ్చిపుచ్చుకోవడం నాకు ఇంకెక్కడా ఇంతగా దొరకలేదు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. వీణ మీద మెట్టు దగ్గర తీగను పక్కకు లాగి పై స్వరాన్ని పలికించడం మనకు తెలిసిన విద్యే. బ్లూస్ గిటారిస్టు వేసే బెండ్ కూడా, చేతిపనిగా చూస్తే, అదే. బ్లూస్‌కు ఆయువుపట్టు లాంటి గాంధారం ఒకటుంది. అది మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఊగిసలాడుతుంది. పియానో మీద ఆ చోటికి మీట లేదు, తీగ అయితే వంచి పట్టుకోవచ్చు. రెండూ ఒకటేనని నేననను. గమకానికి రాగం గీసిన దారి ఉంటుంది, బ్లూస్ బెండ్ ఎంత దూరం వెళ్లాలో ఆ పూట ఆ మనిషి తేల్చుకుంటాడు. కానీ వీణో వయొలినో చెవినపడుతూ పెరిగినవాళ్లకు బ్లూస్ గిటార్ తొందరగా ఎక్కుతుందని మాత్రం నా గట్టి నమ్మకం. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ మన విద్వాంసులతో కలిసి శక్తి బృందంలో వాయించేటప్పుడు, వీణలో లాగినట్టు తీగ లాగడం కోసం ఫ్రెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిపించిన గిటార్ వాడాడు. మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ తర్వాతి కాలంలో అదే మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని రిమెంబర్ శక్తిలో వాయించాడు. ఆ కచేరీల గురించి మొదలుపెడితే ఈ పూట తెల్లారిపోతుంది, ఇంకోసారి చెప్పుకుందాం.

ఇక ఆల్బర్ట్ కింగ్. పేరులో కింగ్ ఉన్నా బీబీకి చుట్టం కాడు. ఆరడుగులు దాటిన మనిషి, ఒకప్పుడు బుల్డోజర్ నడిపి బతికినవాడు, పైపు నోట్లో పెట్టుకునే వాయించే అలవాటున్నవాడు. ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్ల గిటార్‌నే తిరగేసి పట్టుకున్నాడు, తీగలు మాత్రం మార్చి కట్టలేదు. దాంతో సన్నతీగలు పైకి, లావుతీగలు కిందికి వచ్చాయి. అందరూ పైకి నెట్టే తీగను ఆయన కిందికి గుంజుతాడు. గుంజడంలో ముంజేతి బలమంతా పనిచేస్తుంది. పైగా శ్రుతి మామూలు కంటే దించి కట్టేవాడు, అందుకని తీగ ఎంత లాగితే అంత వచ్చేది. మీటడానికి పిక్ లేదు, బొటనవేలే. అందుకే ఆయన స్వరం చుట్టూ అంత కండ ఉంటుంది. 1967లో మెంఫిస్‌లోని స్టాక్స్ కంపెనీ తెచ్చిన బార్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్ వినండి. అదే ఏడాది క్రీమ్ బృందం తెచ్చిన స్ట్రేంజ్ బ్రూలో ఎరిక్ క్లాప్టన్ వాయించిన సోలో, ఆల్బర్ట్ పాడిన ఓ ప్రెట్టీ వుమన్‌లోంచి నడిచొచ్చిందే. రెండూ వరసగా వినిపిస్తే చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

క్లాప్టన్‌ను తప్పుపట్టడానికి చెప్పలేదిది. ఈ సంగీతం చేతులు మారిందే అలా. 1961 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లోని డార్ట్‌ఫర్డ్ స్టేషన్లో ఒక కుర్రాడు చంకలో రికార్డులు పెట్టుకుని నిలబడ్డాడు. అమెరికాలోని చెస్ కంపెనీ నుంచి పోస్టులో తెప్పించుకున్నవి, చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్. చిన్నప్పుడు ఒకే బళ్లో చదివిన ఇంకో కుర్రాడి కన్ను ఆ అట్టల మీద పడింది. ఒకరు మిక్ జాగర్, ఇంకొకరు కీత్ రిచర్డ్స్. ఇద్దరు అభిమానుల ఆ పలకరింపులోంచే రోలింగ్ స్టోన్స్ పుట్టింది. వాళ్ల బృందం పేరు కూడా మడ్డీ వాటర్స్ పాటదే. 1965లో అమెరికాలో షిండిగ్ అనే టీవీ కార్యక్రమానికి పిలిస్తే, మాతోపాటు హౌలిన్ వుల్ఫ్ కూడా పాడాలని పట్టుబట్టారు. ఆ కొండలాంటి మనిషి పాడుతుంటే స్టోన్స్ కుర్రాళ్లు వేదిక మీద చుట్టూ చేరి కూర్చుని విన్నారు. సొంతదేశంలో తెల్లవాళ్ల ఇళ్లలోకి అడుగుపెట్టని గొంతును బయటినుంచి వచ్చిన అభిమానులు టీవీలోకి తీసుకొచ్చారు. నాకు స్టోన్స్ మీద ఉన్న గౌరవంలో సగం ఈ ఒక్క పనికే.

బీబీకి కూడా అలాంటి రాత్రి ఒకటి వచ్చింది. 1956లో ఒక్క ఏడాదిలోనే 342 కచేరీలు చేసిన మనిషి. కానీ వినేవాళ్లంతా దాదాపు నల్లవాళ్లే. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిల్‌మోర్ అనే కచేరీ హాలు నడిపే బిల్ గ్రాహమ్‌కు గిటారిస్టు మైక్ బ్లూమ్‌ఫీల్డ్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు, బీబీని పిలవమని. 1967లో బీబీ అక్కడికి వెళ్తే గుమ్మం దగ్గరంతా జుట్టు పెంచిన తెల్లకుర్రాళ్లు. తప్పు చోటికి వచ్చానేమో అనుకున్నాడు. గ్రాహమ్ పేరు చెప్పగానే హాలంతా లేచి నిలబడింది. ఒక్క స్వరమూ మీటకముందే ఆయన కళ్లు తడిశాయి. బ్లూమ్‌ఫీల్డ్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి "ఇది విన్నావా, ఇది విన్నావా" అని వెంటపడి వినిపించిన ఫలితం అది.

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. ఒక్క స్వరంతో పోల్చుకునే ఆ గొంతు వాయిద్యం వల్లే వస్తుందేమో అనే అనుమానం మీకుంటే పీటర్ గ్రీన్ గిటార్ కథ వినండి. 1959 నాటి లెస్ పాల్ రకం గిటార్ అది. తీగల మోతను అందుకునే పికప్‌లలో ఒకదాంట్లో అయస్కాంతం తిరగబడి ఉండటంతో, రెండు పికప్‌లూ కలిపి వాడినప్పుడు ముక్కుతో పాడినట్టు డొల్లగా పలుకుతుంది. గ్రీన్ చేతిలో అది వణికే గొంతు. తర్వాత గ్యారీ మూర్ కొనుక్కున్నాడు. ఆయన చేతిలో అదే గిటార్ నిప్పులు చెరిగింది. ఇప్పుడది మెటాలికా బృందంలోని కిర్క్ హామెట్ దగ్గరుంది. అదే అయస్కాంతం, అదే చెక్క, మూడు గొంతులు. డ్యువేన్ ఆల్మన్ అయితే అసలు కొత్త వాయిద్యమేమీ కొనలేదు. జలుబు చేస్తే తమ్ముడు గ్రెగ్ తెచ్చిచ్చిన మాత్రల గాజుసీసా ఖాళీ చేసి, కాగితం కడిగేసి, వేలికి తొడుక్కుని స్లైడ్‌గా వాడుకున్నాడు. 1971 మార్చిలో న్యూయార్క్ ఫిల్‌మోర్ ఈస్ట్‌లో వాయించిన స్లైడ్ అంతా ఆ రకం సీసాతోనే. అదే ఏడాది అక్టోబర్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. ఇరవై నాలుగేళ్లు.

ఇప్పుడు నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన చోటికి వస్తాను. స్టీవీ రే వాన్. టెక్సాస్ కుర్రాడు, ఆల్బర్ట్ కింగ్‌ను ఒంటబట్టించుకున్నవాడు. మామూలుగా ఎలక్ట్రిక్ గిటార్‌కు తొమ్మిదో పదో నంబరు సన్నతీగ వేస్తారు. స్టీవీ అంతకంటే లావైన పదమూడు వేసేవాడు. శ్రుతి అరమెట్టు దించినా ఆ తీగ వంచాలంటే వేళ్లు చీలిపోయేవి, సూపర్‌గ్లూతో అతికించుకుని మళ్లీ వేదికెక్కేవాడు. 1982లో మాంట్రో సంగీతోత్సవంలో అతను వాయిస్తుంటే జనం హేళనగా అరిచారు. ఆ జనంలోనే ఉన్న డేవిడ్ బౌవీ మాత్రం తన లెట్స్ డాన్స్ రికార్డుకు పిలిచాడు. జాక్సన్ బ్రౌన్ తన స్టూడియో ఇచ్చాడు. స్టీవీ రికార్డు టెక్సాస్ ఫ్లడ్ అక్కడే తయారైంది.

ఆస్టిన్లో ఉద్యోగం చేసుకునే మా మేనల్లుడు సాయంత్రాలు అక్కడి చెరువుగట్టున స్టీవీ కంచువిగ్రహం దాకా నడిచి, ఫోన్ చేస్తాడు. "మామయ్యా, ఇవాళ ఏం విన్నావ్?" అంటాడు. స్టీవీ, ఆల్బర్ట్ కలిసి వాయించిన ఒక రోజు గురించి మా ఇద్దరి మధ్యా తెగని వాదం ఒకటుంది.

1983 డిసెంబర్ 6న కెనడాలోని హామిల్టన్‌లో ఒక టీవీ స్టూడియోలో ఆల్బర్ట్‌నూ స్టీవీనీ పక్కపక్కన కూర్చోబెట్టారు. ఆయనకు అరవై, ఇతనికి ఇరవై తొమ్మిది. స్టీవీ రే వాన్ ఎవరో ఆల్బర్ట్‌కు ముందు తట్టలేదు. చూశాక గుర్తొచ్చింది: ఆస్టిన్‌లోని ఆంటోన్స్ క్లబ్బులో ఎన్నో ఏళ్ల కిందట తన పక్కన వాయించనిచ్చిన బక్కపలచటి కుర్రాడు! ఆ రోజు పాటలన్నీ దాదాపు ఆల్బర్ట్ పాడేవే. 1999లో వచ్చిన సీడీలో ప్రైడ్ అండ్ జాయ్ ఒక్కటే స్టీవీది. అప్పటికి ఇద్దరూ లేరు. స్టీవీ 1990లో, విస్కాన్సిన్‌లో కచేరీ ముగించుకుని ఎక్కిన హెలికాప్టర్ కూలడంతో చనిపోయాడు. ఆల్బర్ట్ 1992లో పోయాడు.

అందులో బ్లూస్ ఎట్ సన్‌రైజ్ అనే పాట పదిహేను నిమిషాలు దాటుతుంది. పెద్దాయన పాడుతుంటే స్టీవీ వెనక్కి తగ్గి, మాటకూ మాటకూ మధ్య సందులో మాత్రమే చెయ్యి పెడతాడు. "ఊఁ, నువ్వు కానివ్వు" అని ఆల్బర్ట్ వదిలినప్పుడు మాత్రం కట్ట తెగినట్టే. ఆల్బర్ట్ దగ్గర నేర్చుకున్న బెండ్లన్నీ ఆల్బర్ట్ ఎదుటే, ఆల్బర్ట్ కంటే జోరుగా వాయిస్తాడు. మా మేనల్లుడు అక్కడికి రాగానే ఊగిపోతాడు. ఆ రోజు గెలిచింది స్టీవీయేనంటాడు.

నా ఓటు ఆల్బర్ట్‌కే. స్టీవీ అంత చెప్పాక ఆయన తొందరపడడు. బొటనవేలితో ఒక్క తీగ మీటి, కిందికి గుంజి, అక్కడే పట్టుకుంటాడు. పోటీకి దిగి పది స్వరాలు వెయ్యగలడు, వెయ్యడు. స్టీవీ వాయించినదాంట్లో ఎంత తనదో ఆ ఒక్క స్వరంతో చెప్పేస్తాడు. "అది పెద్దరికం మామయ్యా, గెలుపు ఎలా అవుతుంది?" అంటాడు మావాడు. ఎలా అవుతుందో ఫోన్లో చెప్పి ఒప్పించడం నా వల్ల కావడం లేదు. ఈ ఆదివారం మీరూ తీరిగ్గా పెట్టుకుని వినండి. పక్కన ఇంకొకరుంటే మరీ మంచిది. ఎవరి పక్షమో నాకు రాయండి.