మా ఇంటి రైఫిలు

నాన్నగారికి డెబ్బై నిండాయి. ఆ వయసు దాటినవారు తమ తుపాకీ లైసెన్సు వారసుడి పేర ఇప్పించమని కోరవచ్చునని 2016 నియమాలు చెబుతున్నాయి. "రాయించుకుంటావట్రా?" అని అడిగారు.

మాది .315 బోరు బోల్టు రైఫిలు. .303 సైన్యపు కొలత గనుక మనబోటివారికి ఇది. తెలుగు మేష్టర్ని, లక్షణం చూడందే దేన్నీ మెచ్చలేను. అమెరికాలో జెఫ్ కూపర్ 1980లలో 'స్కౌటు రైఫిలు'కు లక్షణం చెప్పాడు: పొడవు మీటరు లోపు, బరువు మూడు కిలోలు, మహా అయితే మూడున్నర, ఒంటరిగా తిరిగేవాడికి ఒదగాలి. నాన్నగారి ఎదుటే టేపు పెట్టాను. మీటరు దాటింది. బోల్టు మాత్రం నూనె వేసిన గడియలా కదిలింది.

మైలవరంలో మా మొక్కజొన్న మీద పందులు పడుతూనే ఉన్నాయి. కాని 1972 చట్టం వచ్చాక అనుమతి లేనిదే వాటిని కొట్టరాదు. ఇక మిగిలింది, పట్టేవాడి సంగతి. నాన్నగారు కోపంలో ఒక్కనాడూ దానివంక చూడలేదు. నాకేమో పక్క చేనివారితో గట్టు తగాదా నడుస్తోంది.

అది తీరేదాకా దరఖాస్తు పెట్టనన్నాను. ఆయనేమీ అనలేదు. గొట్టం తుడిచి, బీరువాలో పెట్టి, తాళంచెవి మొలకు దోపుకున్నారు.