ఓడెక్కే ముందురోజు

"అక్కా, ఇక్కడ అందరూ బాతామ్ వెళ్లే ఫెర్రీకి నిలబడ్డారు. నా ఓడ ఏదీ?"

2016లో ఓ పొద్దున్న పదకొండూ నలభైకి విశాఖలో నా ఫోన్లో వినిపించిన గొంతు అది. సింగపూర్‌లో అప్పటికి రెండూ పది. నేను టికెట్లు చేసి పంపిన గాజువాక అమ్మాయి, ఒక్కర్తే ఓడ ప్రయాణానికి బయల్దేరింది. ముందురోజు సెంతోసా ద్వీపంలో హాయిగా గడిపి, మర్నాడు హోటల్ ఖాళీ చేసి, ఎదురొడ్డున కనిపిస్తున్న క్రూయిజ్ సెంటర్‌కి పెట్టె లాక్కుంటూ వెళ్లిపోయింది. గంటసేపు లైన్లో నిలబడింది కూడా. తప్పు తనది కాదు, నాది. ఐటినరీలో నేను "సింగపూర్ క్రూయిజ్ సెంటర్" అని రాశాను. ఆ పేరుతో ఉన్నది హార్బర్‌ఫ్రంట్‌లో. తన ఓడ ఆగింది మరీనా బే క్రూయిజ్ సెంటర్లో. రెండూ వేర్వేరు చోట్లు. చెక్-ఇన్ మూడున్నరకి మూసేస్తారు.

"ముందు ఆ లైన్లోంచి బయటికి రా. టాక్సీ ఎక్కి 61, మరీనా కోస్టల్ డ్రైవ్ అని చెప్పు" అన్నాను. పావుగంట దారి. టాక్సీ దొరికి, దిగి, ఓడ ఫోటో పంపేసరికి అక్కడ రెండూ నలభై ఐదు. అంతసేపూ నేను కుర్చీలో కూర్చోలేదు. ఫోటో చూశాకే టీ చెప్పుకున్నాను.

అప్పట్నుంచి నా వోచర్లలో టెర్మినల్ పేరు కింద తలుపు నంబరు, వీధి పేరు ఎర్రక్షరాల్లో ఉంటాయి. ట్రావెల్ ఏజెంటు పనిలోకి వచ్చేవాళ్లు ముందు ఇది రాసుకోండి.

నాకు పని నేర్పింది డాబాగార్డెన్స్‌లో చిన్న ట్రావెల్ ఆఫీసు నడిపిన మా సార్. కార్బన్ కాగితాల టికెట్లు చేత్తో రాసిన తరం ఆయనది. నేను తయారుచేసిన ఐటినరీ తీసుకుని, సమయాల మధ్య ఖాళీ ఉన్నచోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టేవారు. "పొద్దున్నే దిగింది. గది మూడింటికి గానీ ఇవ్వరు. అంతవరకూ మనిషి ఎక్కడ కూర్చుంటుందమ్మా?" ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోతే కాగితం వెనక్కి వచ్చేసేది. ఆయన పోయాక కూడా ప్రతి ఫైలు మీదా ఆ సున్నాలు నేనే చుట్టుకుంటున్నాను.

ఓడెక్కే ముందురోజే సింగపూర్ చేరాలి అన్నానంటే బేరం మొదలవుతుంది. "ఒక రాత్రి హోటల్ దండగ కదండీ, విశాఖ నుంచి నేరుగా విమానం ఉందిగా!" ఉంది. నాలుగు గంటల ప్రయాణం. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి చాంగీ విమానాశ్రయంలో దిగి, అదే మధ్యాహ్నం ఓడ ఎక్కేయొచ్చు. కాగితం మీద ముచ్చటగానే ఉంటుంది. కానీ విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. ఆగకపోగా ఓడకి కట్టిన డబ్బు కూడా తిరిగి రాదు. పైగా సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఆ రెండున్నర గంటలూ పోయేది నిద్రలోంచే. నిద్రలేని మనిషి కొత్త ఊళ్లో ఒంటరిగా పెట్టెలు మోసుకుంటూ, పాస్‌పోర్టు కాపాడుకుంటూ, అయిదారు కౌంటర్ల ముందు నిలబడాలి. ఇద్దరుంటే ఒకరు సామాన్ల దగ్గర కూర్చుంటారు. ఒక్కర్తే అయితే బాత్రూమ్‌కి వెళ్లాలన్నా పెట్టె వెంట ఉండాల్సిందే.

అందుకే పెట్టెని వదిలించడం మన మొదటి పని. గది సిద్ధం కాకపోయినా బెల్ డెస్క్‌లో సామాను పెట్టుకుంటారు, చీటీ ఇస్తారు. ఒక జత బట్టలు, సబ్బు, తువ్వాలు చేతిసంచిలోనే పెట్టుకోమని చెప్పండి. ముందే అడిగితే చాలా రిసార్టులు ఈతకొలను పక్కనున్న స్నానాల గది వాడుకోనిస్తాయి. ఆ అడగడం మనం చెయ్యాలి, మెయిల్లో, మూడు రోజుల ముందు. మన పాక్స్, అంటే మనం పంపే మనిషి, కౌంటర్ దగ్గర నిలబడి బతిమాలుకునే పరిస్థితి రాకూడదు.

సెంతోసాయే ఎందుకంటే, ఊరికి ఆనుకునే ఉంటుంది, అయినా దీవే. హార్బర్‌ఫ్రంట్ దగ్గరి వీవోసిటీ మాల్ నుంచి మోనోరైలుంది. ఓపికుంటే నీటిమీద కట్టిన నడకదారిలో నడిచే వెళ్లిపోవచ్చు. లోపల బీచ్ షటిల్‌కి టికెట్ లేదు. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ల కోటలూ ఫిరంగులూ ఉన్న చోటు. పాత పేరులో "మరణం" అనే మాట ఉంది. 1970ల మొదట్లో పోటీ పెట్టి పేరు మార్చారు. సెంతోసా అంటే మలయ్ భాషలో ప్రశాంతత. మూలం మన సంతోషమే. కస్టమర్లకి ఇది చెప్తే ఆ ద్వీపం మేనత్త ఊరైపోతుంది!

అయితే ద్వీపమంతా ఒకటి కాదు. సిలోసో బీచ్ వైపు పాటలు, కుర్రకారు. పలావన్ వైపు పిల్లలు, బకెట్లు. తాంజోంగ్ వైపు కాస్త నెమ్మది. రిసార్ట్స్ వరల్డ్ వైపు యూనివర్సల్ స్టూడియోస్ జనం. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకి గది చూసేటప్పుడు నేను నక్షత్రాలు లెక్కపెట్టను. షటిల్ ఆగేచోటు నుంచి గది తలుపు దాకా ఎన్ని అడుగులు, దారిలో దీపాలున్నాయా అని చూస్తాను. ఫ్యామ్ ట్రిప్‌కి, అంటే ఏజెంట్లకి హోటళ్లు చూపించే ప్రయాణానికి, వెళ్లినప్పుడు మిగతావాళ్లు లాబీలో ఫోటోలు దిగుతుంటే నేను రాత్రి తొమ్మిదింటికి ఆ దారుల్లో నడిచాను. నెమళ్లు అడ్డొచ్చాయి తప్ప ఇబ్బంది లేదు.

తిండి విషయం. ద్వీపంలో ఖరీదెక్కువ, శాకాహారులకి రకాలు తక్కువ. పెరుగన్నం మీద మనసుపోతే హార్బర్‌ఫ్రంట్‌లో మెట్రో ఎక్కితే అయిదో స్టేషను లిటిల్ ఇండియా. ఇది నాకు చెప్పింది ఏ గైడూ కాదు, ఎయిర్‌పోర్టు నుంచి తీసుకెళ్లిన తమిళ టాక్సీ అన్న. ఈ వృత్తిలో సగం చదువు డ్రైవర్ల దగ్గరే.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఓడ బయటికెళ్లి మళ్లీ సింగపూర్‌కే వస్తుంది కాబట్టి వీసా ఒకసారి ప్రవేశానికిచ్చేది కాకూడదు. అరైవల్ కార్డు దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి రుసుము లేదు. డబ్బులడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. మందులు ట్యాగు వేసిన పెట్టెలో పెట్టనివ్వకండి. టెర్మినల్‌లో తీసుకున్న పెట్టె గది తలుపు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. బీపీ మాత్ర పెట్టెలో ఇరుక్కుని ఓ కస్టమర్ నాకు ఓడ మీంచి చేసిన ఫోను ఇంకా చెవిలోనే ఉంది. చేతికి మామూలు గడియారం పెట్టుకోమనండి, ఓడ టైమే అందులో ఉంచమనండి. ఫుకెట్‌లో దిగితే సెల్‌ఫోను తనంతట తాను గంట వెనక్కి వెళ్లిపోతుంది. దాన్ని నమ్మితే గంట ఆలస్యంగా తిరిగొస్తారు.

ఇక నేను పంపిన ఒక విజయనగరం మేడమ్ గురించి. బ్యాంకులో చేసి రిటైరయ్యారు. నాలుగు రాత్రుల ఓడ, పెనాంగ్, ఫుకెట్ చూసి వెనక్కి. "ఒక్కర్తినే వెళ్తే హోటల్ వాళ్లు ఏమనుకుంటారమ్మా?" అనడిగారు. ఏమీ అనుకోరండీ, ఇద్దరి డబ్బులు తీసుకుంటారు, అన్నాను. నవ్వలేదు. సింగిల్ సప్లిమెంట్ లెక్క కాగితం మీద వేసి చూపించాను. ఓడలో గదుల ధర ఇద్దరికని కడతారు, ఒక్కరే ఉంటే రెండో మనిషి వాటా కూడా చాలాసార్లు మీద పడుతుంది. ఆవిడ లెక్క రెండుసార్లు కూడి, సరిపోయాక చెక్కు రాశారు.

ఆవిడ ఐటినరీలో ముందురోజుకి నేను ఉదయం ట్రాన్స్‌ఫర్, మధ్యాహ్నం గది అని రాసి, ఆ కింద "ఖాళీ" అని రాశాను. అంతకుముందైతే కేబుల్ కారు, ఆక్వేరియం, రాత్రి షో అన్నీ కుక్కేదాన్ని. కమీషనొచ్చేది వాటిమీదే మరి. కానీ అలా పంపిన వాళ్లు ఓడెక్కిన మొదటి రాత్రి భోజనానికి కూడా లేవకుండా పడుకునేవాళ్లు. ఐటినరీ ఇచ్చిన మర్నాడు ఆవిడ కొడుకు బెంగళూరు నుంచి ఫోను. "మేడమ్, ఇంత డబ్బు తీసుకుని ఒక పూటంతా ఖాళీ అని రాశారేంటండీ?" నాకు వెంటనే జవాబు తట్టలేదు. మా సార్ పెన్సిల్ గుర్తొచ్చింది. ఖాళీ అని రాస్తే సరిపోదు, ఎక్కడ కూర్చుంటారో రాయాలి. పక్కన చేర్చాను: "తాంజోంగ్ బీచ్, నీడ ఉన్న వైపు, నాలుగు నుంచి ఏడు. తిరుగు షటిల్ అక్కడే." కొడుకు మళ్లీ ఫోను చెయ్యలేదు, ఒప్పుకున్నాడో విసిగిపోయాడో.

మేడమ్ సెంతోసా చేరిన రోజు సాయంత్రం ఆరింటికి ఆఫీసు కట్టేస్తుంటే వాట్సాప్‌లో మేడమ్ మెసేజ్. సెంతోసా దక్షిణాన సముద్రం నిండా లంగరేసిన ఓడలుంటాయి, మన విశాఖ ఆర్కే బీచ్‌లో కూర్చుంటే రేవులో చోటు కోసం ఎదురుచూసే ఓడలు కనిపించినట్టే, కాకపోతే చాలా ఎక్కువ. ఆవిడ చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, ఇసకలో కూర్చుని, వాటిని లెక్కపెట్టారట. "నలభై ఒకటి దాకా వచ్చాను. చీకటి పడ్డాక దీపాలే కనిపిస్తున్నాయి. ఒక్కో ఓడకి ఎన్ని దీపాలుంటాయో తెలీక లెక్క ఆపేశాను."

బ్యాంకులో లెక్క తేలకుండా కుర్చీలోంచి లేచిన మనిషి కాదట ఆవిడ. రేపు పదకొండున్నరకి టాక్సీ, మరీనా కోస్టల్ డ్రైవ్, తలుపు నంబరు 61 అని జవాబు కొట్టి షట్టరు దించాను.